మేర్స్‌బుర్గ్: అమ్మానాన్నలతో ఒక రోజు, ఎక్కడ మొదలుపెట్టాలి?

నెకర్_తీరం (ప్రశ్న)

నమస్కారం. మేము స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. జూన్ మొదటి వారంలో అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నగారు హైస్కూల్లో చరిత్ర చెప్పి పదవీ విరమణ చేశారు. ఏ ఊరికి తీసుకువెళ్ళినా "ఇక్కడ ఎవరు ఏలారు, ఎందుకు పోయారు" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. ఫొటోలకు మాత్రమే పనికొచ్చే ఊరైతే అరగంటలో విసుగు వచ్చేస్తుంది. అమ్మకు ఎత్తు ఎక్కితే ఆయాసం. నెమ్మదిగా దిగడానికి మాత్రం ఇబ్బంది లేదు.

బోడెన్‌జే (కాన్‌స్టాన్స్ సరస్సు) ఒడ్డున ఒక చిన్న ఊరు చూపించాలని ఉంది. ఆఫీసులో అందరూ లిండావ్ వెళ్ళమంటున్నారు. ఒక సహోద్యోగి మాత్రం మేర్స్‌బుర్గ్ అని పట్టుబట్టింది. ఆ ఊరికి రైలు లేదని విన్నాను, మాకేమో కారు లేదు. పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావడం కుదురుతుందా? కోట కాకుండా అక్కడ ఏముంది? నాన్నగారికి ముందుగా చెప్పడానికి కొంచెం చరిత్ర తెలిస్తే ఇంకా మంచిది.

ద్రాక్షతోట_దారి

మీ సహోద్యోగి మాట వినండి. నేను పక్కనే మార్క్‌డోర్ఫ్‌లో ఉంటాను. ఇంటికి చుట్టాలు ఎవరు వచ్చినా ముందు మేర్స్‌బుర్గ్‌కే తీసుకువెళ్తాను. లిండావ్ అందమైన ఊరే. రేవు ముఖద్వారంలో ఒక పక్క రాతి సింహం, మరో పక్క దీపస్తంభం, ఎదురుగా ఆల్ప్స్. అయితే మీ నాన్నగారు అడిగే ప్రశ్నకు వీధి వీధినా జవాబు దొరికే ఊరు మేర్స్‌బుర్గ్.

ఆ జవాబు ముందే చెబుతాను. జనాభా ఆరు వేలకు అటూ ఇటూ ఉండే ఈ ఊరికి పేరు తెచ్చినవాళ్ళు దాదాపు అందరూ వేరే చోటు వదిలి వచ్చినవాళ్ళే. బిషప్పులు సొంత నగరం నుంచి తప్పుకుని వచ్చారు. ఒకప్పుడు పారిస్‌ను ఊపేసిన వైద్యుడు ముసలితనంలో వచ్చాడు. పాత తాళపత్రాల పిచ్చి ఉన్నవాళ్ళు మన దగ్గర ఉన్నట్టే, పాత రాతప్రతుల పిచ్చి ఉన్న ఒక జమీందారు వచ్చాడు. ఆయన మరదలు చుట్టపుచూపుగా వచ్చి, జర్మన్ సాహిత్యంలో నిలిచిపోయిన కవితలు ఇక్కడ రాసి, ఇక్కడే కన్నుమూసింది. ఈ నాలుగు రాకలూ మనసులో పెట్టుకుని నడిస్తే ఊరు మొత్తం అర్థమవుతుంది.

ఇక నడక. ఊరు రెండు అంతస్తుల్లో ఉంటుంది: గుట్ట మీద పై ఊరు, నీటి అంచున కింది ఊరు. మీ అమ్మగారి కోసం పైన మొదలుపెట్టి కిందికి దిగండి. ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ నుంచి వచ్చే బస్సు పై ఊరిలో, చర్చి దగ్గర ఆగుతుంది. అక్కడ దిగినవాళ్ళు అందరూ నేరుగా కోటకు పోతారు. మీరు ముందు శ్మశానానికి వెళ్ళండి. పెద్దవాళ్ళను తీసుకువెళ్ళి మొట్టమొదట శ్మశానమా అని అనుకోకండి. ఇక్కడ శ్మశానమంటే చెట్ల నీడ, పూల మడులు, కూర్చోవడానికి బల్లలు. పొద్దున్నే నిశ్శబ్దంగా ఉంటుంది.

అక్కడ ఫ్రాంజ్ ఆంటోన్ మెస్మర్ సమాధి ఉంది. మూడు పలకల పాలరాతి దిమ్మ, వెతకడం కష్టం కాదు. 1734లో ఇదే సరస్సు ఒడ్డున ఇజ్‌నాంగ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి బిషప్పు కొలువులో అడవి కాపరి. వియన్నాలో వైద్యం చదివి, మనుషుల శరీరాల్లో కంటికి కనపడని ఒక ద్రవం ప్రవహిస్తుందని, దాని ప్రవాహం చెడితే జబ్బు వస్తుందని, తన చేతి స్పర్శతో దాన్ని సరిదిద్దగలనని ప్రకటించాడు. పారిస్‌లో జనం విరగబడ్డారు. చివరికి 1784లో రాజు 16వ లూయీ ఒక విచారణ సంఘం వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రజ్ఞుడు లావోజియే ఉన్నారు. వాళ్ళు చేసిన పరీక్ష గురించి నాన్నగారికి తప్పక చెప్పండి. రోగుల కళ్ళకు గంతలు కట్టారు. తమ మీద చికిత్స జరుగుతోందని నమ్మినప్పుడు, నిజానికి ఏమీ జరగకపోయినా, వాళ్ళు వణికారు. జరుగుతోందని తెలియనప్పుడు, నిజంగా జరిగినా చలించలేదు. ద్రవం లేదు, ఉన్నది ఊహాబలం అని సంఘం తేల్చింది. ఈనాడు మందులను పరీక్షించే పద్ధతికి ఇది తొలి మెట్లలో ఒకటి. మెస్మర్ మాత్రం తన సిద్ధాంతాన్ని వదలలేదు. పుట్టిన సరస్సు దగ్గరికే తిరిగి వచ్చి 1815 మార్చి 5న మేర్స్‌బుర్గ్‌లో పోయాడు.

అదే శ్మశానంలో కవయిత్రి ఆనెటె ఫోన్ డ్రోస్టె హ్యూల్స్‌హోఫ్ సమాధి ఉంది. అక్క యెన్నీ, బావ యోజెఫ్ ఫోన్ లాస్‌బెర్గ్ కూడా అక్కడే ఉన్నారు. ఆ సమాధి చూసి ద్రాక్షతోటల అంచునే నడిస్తే ఫ్యూర్‌స్టెన్‌హొయ్‌స్లె అనే చిన్న ఇల్లు వస్తుంది. ఒకప్పుడు బిషప్పుగారి తోట విడిది. 1843లో వేలానికి వస్తే ఆనెటె కొనుక్కుంది. తన రచనల మీద వచ్చే డబ్బుతో కొన్న సొంత ఇల్లు! పెళ్ళి చేసుకోని జమీందారీ స్త్రీకి పుట్టింటి భరణం తప్ప మరో ఆధారం ఉండని రోజుల్లో అది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. ఆరోగ్యం సహకరించక అక్కడ స్థిరపడలేకపోయింది. ఇప్పుడది మ్యూజియం. గదులు చాలా చిన్నవి. నాకు ఈ ఊరిలో అన్నిటికన్నా ఇష్టమైన కట్టడం అదే.

అక్కడి నుంచి పాత కోట. ఏడో శతాబ్దపు ఫ్రాంకు రాజు డాగొబెర్ట్ కట్టించాడని కథ చెబుతారు, బురుజుకు కూడా ఆయన పేరే. ఆ కథకు చారిత్రక ఆధారాలు బలహీనం. బురుజు 12వ శతాబ్దపు పని అని పండితుల మాట. గట్టిగా చెప్పదగింది ఏమిటంటే, 1334లో చక్రవర్తి బవేరియా లూడ్విగ్ ఈ కోటను ముట్టడించి, పట్టుకోలేక వెనుదిరిగాడు. జర్మన్ నేల మీద తుపాకి మందు వాడిన తొలి సందర్భాల్లో ఆ ముట్టడి ఒకటని చెబుతారు. నేటికీ కోట ప్రైవేటు ఆస్తి, యజమానులు అక్కడే కాపురం ఉంటున్నారు. చూడటానికి ముప్పైకి పైగా గదులు తెరిచి ఉంటాయి: వంటిల్లు, ఆయుధశాల, చెరసాల, చివర్లో ఆనెటె ఉన్న గదులు.

ఆ గదుల దగ్గర తొందరపడకండి. 1838లో లాస్‌బెర్గ్ ఈ కోటను, అప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలుతున్న బాడెన్ ప్రభుత్వం దగ్గర కొన్నాడు. బిషప్పులు పోయాక ప్రభుత్వానికి దీనితో పెద్దగా అవసరం లేకుండా పోయింది. ఆయన దగ్గర ఉన్న రాతప్రతుల్లో నీబెలుంగెన్‌లీడ్ అనే మధ్యయుగ జర్మన్ వీరగాథ ప్రతి ఒకటి ఉండేది. 13వ శతాబ్దపు ప్రతి, 1815లో వియన్నాలో కొన్నది. ఆ గాథకు మిగిలిన ముఖ్యమైన ప్రాచీన ప్రతులు మూడే. అందులో ఒకటి 1855లో లాస్‌బెర్గ్ పోయేవరకు ఈ గోడల మధ్య ఉంది. ఇప్పుడు కార్ల్స్‌రూహె గ్రంథాలయంలో ఉంది. 2009లో యునెస్కో ఆ మూడు ప్రతులను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

ఆనెటె 1841 శరదృతువులో వెస్ట్‌ఫాలియా నుంచి అక్కను చూడటానికి వచ్చింది. బావగారి పుస్తకాలకు జాబితా రాయడానికి లెవిన్ ష్యూకింగ్ అనే యువ రచయిత కూడా వచ్చాడు. ఈ శీతాకాలం గడిచేలోగా ఒక సంపుటానికి సరిపడా కవితలు రాస్తానని ఆనెటె అతనితో పందెం కాసింది. రాసి చూపించింది. తీవ్రమైన హ్రస్వదృష్టి ఉన్న మనిషి, రోజూ ఒడ్డున నడుస్తూ గవ్వలు, శిలాజాలు ఏరుకునేది. ఆ శీతాకాలంలో పుట్టిన కవితల్లో ఒకటి, బురుజు మీద నిలబడి గాలికి జుట్టు వదిలేసిన స్త్రీ గురించి. కింద అలలతో, పడవలతో పోరాడాలని ఉన్నా, మగవాడిగా పుట్టనందుకు బుద్ధిమంతురాలైన పిల్లలా కూర్చోవలసి వచ్చిందని ఆమె వాపోతుంది. బురుజు ముందు నిలబడి ఆ మాట నాన్నగారికి చెప్పండి, మ్యూజియం బోర్డులు ఇచ్చే వివరాల కన్నా ఎక్కువ అర్థమవుతుంది. 1848 మే 24న ఈ కోటలోనే కన్నుమూసింది. యూరో రాకముందు చెలామణీలో ఉన్న చివరి 20 మార్కుల నోటు మీద ఆమె బొమ్మ ఉండేది, వెనుక నేపథ్యంలో ఈ ఊరి కట్టడాలు. నాణేల అంగళ్ళలో ఆ నోటు ఇప్పటికీ దొరుకుతుంది. నాన్నగారికి నచ్చవచ్చు.

బిషప్పుల సంగతి, కొత్త ప్యాలెస్ సంగతి రాత్రికి రాస్తాను. పనికి టైమైంది.

రైలు_కిటికీ

రవాణా గురించి నేను చెబుతాను, చరిత్ర పై వారికే వదిలేస్తున్నాను.

స్టుట్‌గార్ట్ నుంచి ఉల్మ్ మీదుగా ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కు రైలు ఉంది. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఆ మార్గంలో 2021 చివర్లో విద్యుదీకరణ పూర్తయింది, అంతకుముందు ఉల్మ్ దాటాక డీజిల్ ఇంజన్లే. ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ స్టేషను నుంచి మేర్స్‌బుర్గ్‌కు బస్సులో అరగంట పైనే పడుతుంది. పొద్దున్నే బయలుదేరితే ఒక రోజులో కుదురుతుంది. పెద్దవాళ్ళతో కాబట్టి ఒక రాత్రి ఆగమనే నా సలహా.

తిరుగు ప్రయాణం వచ్చిన దారిన కాకుండా పెట్టుకోండి. కింది ఊరి పడమటి చివర నుంచి కాన్‌స్టాంజ్‌కు కార్లను ఎక్కించుకునే ఫెర్రీ వెళ్తుంది. 1928లో మొదలైంది, యూరప్‌లో లోతట్టు జలాల మీద నడిచిన మొదటి కార్ల ఫెర్రీ అదే. రాత్రీ పగలూ నడుస్తుంది, ప్రయాణం పావుగంట. నడిచి ఎక్కేవాళ్ళు పైడెక్కు మీద నిలబడితే ఊరు, రెండు కోటలు, ద్రాక్షతోటలు ఒకేసారి కనిపిస్తాయి. ఆవలి గట్టు మీద దిగి ఊరి బస్సు ఎక్కితే కాన్‌స్టాంజ్ స్టేషను. అక్కడి నుంచి జింగెన్ మీదుగా స్టుట్‌గార్ట్.

ఒక హెచ్చరిక: జూన్ మొదటి వారం అంటున్నారు కాబట్టి బాడెన్-వ్యూర్టెంబెర్గ్ పెంతెకొస్తు సెలవులు ఎప్పుడో చూసుకోండి. ఆ రోజుల్లో ఒడ్డు వెంబడి రోడ్డు నిండిపోయి బస్సులు బాగా ఆలస్యమవుతాయి.

ఇద్దరు_పిల్లల_అమ్మ

ద్రాక్షతోట గారూ, మీరు రాసింది చదువుతుంటే నాకూ మళ్ళీ వెళ్ళాలనిపించింది. అయినా ఒక విషయంలో మీతో ఏకీభవించను. పాత కోటలో ఇరుకు మెట్లు, ఎత్తు గడపలు. ఆయాసం ఉన్న మనిషికి ముప్పై గదులు ఎక్కువే. అమ్మగారిని కోట ముందున్న ఫలహారశాలలో కూర్చోబెట్టి, నాన్నగారితో మీరు లోపలికి వెళ్ళడం మేలు.

రెండో రోజు ఉంటే ఉంటెరుల్‌డింగెన్ వెళ్ళండి, పడమటి వైపు పక్క ఊరే. రాతియుగం, కంచుయుగం నాటి జనం నీటి అంచున గుంజల మీద కట్టుకున్న ఇళ్ళను తవ్వకాల ఆధారంగా మళ్ళీ కట్టి పెట్టారు. 1922లో రెండు ఇళ్ళతో మొదలై ఇప్పుడు ఇరవైకి పైగా ఉన్నాయి. ఆల్ప్స్ చుట్టూ ఆరు దేశాల్లో ఉన్న ఇలాంటి 111 స్థలాలను 2011లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించింది. అసలు అవశేషాలు నీటి అడుగున బురదలోనే భద్రంగా ఉన్నాయి. గాలి తగలకపోవడం వల్లే వేల ఏళ్ళ నాటి కొయ్య, నార, గింజలు కుళ్ళకుండా మిగిలాయి. చెక్క వంతెనల మీద నడక, మెట్లు తక్కువ. మా పిల్లలు అక్కడి నుంచి కదలలేదు.

ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో రైలు కోసం ఆగే సమయం ఉంటే పాత రేవు స్టేషనులోని జెప్పెలిన్ మ్యూజియం చూడండి. 1900 జూలై 2న మొదటి జెప్పెలిన్ గాలి ఓడ ఎగిరింది ఈ సరస్సు మీదే. హిండెన్‌బుర్గ్ అనే గాలి ఓడలో కొంత భాగాన్ని అసలు కొలతలతో కట్టి లోపలికి నడవనిస్తారు.

నెకర్_తీరం

అందరికీ ధన్యవాదాలు. ఒక రాత్రి ఆగాలని నిర్ణయించుకున్నాం. నిన్న వీడియో కాల్‌లో నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. ఆయన ఊరుకుంటారా, వెంటనే ప్రశ్నలు. "బిషప్పు మతగురువు కదా, రాజ్యం ఏలడమేమిటి? సొంత నగరం నుంచి వెళ్ళగొట్టిందెవరు? మళ్ళీ ఎందుకు తిరిగి వెళ్ళలేదు?" ద్రాక్షతోట గారూ, రాత్రికి రాస్తానన్నారు, ఎదురుచూస్తున్నాం.

అమ్మ ప్రశ్న వేరు: అంత పెద్ద సరస్సు కదా, ఆ నీళ్ళు ఎవరు తాగుతారు అని.

ద్రాక్షతోట_దారి

ఆలస్యానికి మన్నించండి. నాన్నగారి ప్రశ్నలు చూసి చాలా సంతోషించాను, కాబట్టి తీరికగా రాస్తున్నాను.

పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో కొందరు బిషప్పులు మతాధికారులే కాక సంస్థానాధీశులు కూడా. పన్నులు వసూలు చేస్తారు, న్యాయం చెబుతారు, సామ్రాజ్య సభలో కూర్చుంటారు. కాన్‌స్టాంజ్ బిషప్పు అలాంటివాడు. ఒక వింత ఏమిటంటే, ఆయన మతాధికారం కింద ఉన్న ప్రాంతం జర్మన్ దేశాల్లోనే అతి పెద్దవాటిలో ఒకటి. దక్షిణాన స్విట్జర్లాండ్‌లోని గోట్‌హార్డ్ కనుమ నుంచి ఉత్తరాన మీ స్టుట్‌గార్ట్ దాటేవరకు. రాజుగా ఏలిన నేల మాత్రం సరస్సు చుట్టూ చెదురుమదురు ముక్కలు. మేర్స్‌బుర్గ్ ఆ ముక్కల్లో ఒకటి. 13వ శతాబ్దం నుంచే బిషప్పుల చేతిలో ఉండేది, వేసవి విడిదిగా వాడుకునేవారు.

కాన్‌స్టాంజ్ నగరం బిషప్పు పీఠమే కానీ బిషప్పు సొత్తు కాదు. అది చక్రవర్తికి నేరుగా లోబడిన స్వతంత్ర నగరం, పెత్తనం వర్తకుల మండలిది. 1520లలో ఆ మండలి మత సంస్కరణ (ప్రొటెస్టెంట్ ఉద్యమం) వైపు మొగ్గింది. కొత్త బోధకులకు చర్చిలు తెరిచారు, పాత పూజలకు అడ్డంకులు పెట్టారు. 1526లో బిషప్పు హూగో ఫోన్ హోహెన్‌లాండెన్‌బెర్గ్ సరస్సు దాటి మేర్స్‌బుర్గ్ వచ్చేశాడు. వేసవి విడిది రాజధాని అయింది.

తిరిగి ఎందుకు వెళ్ళలేదన్నది నిజంగా మంచి ప్రశ్న, ఎందుకంటే వెళ్ళే అవకాశం వచ్చింది. 1548లో ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బుర్గ్ రాజవంశంవాళ్ళు కాన్‌స్టాంజ్‌ను లొంగదీసుకుని, స్వతంత్ర నగర హోదా తీసేసి, మళ్ళీ కాథలిక్ మతంలోకి తెచ్చారు. బిషప్పుల పెద్ద చర్చి అక్కడే ఉంది. అయినా వాళ్ళ నివాసం మేర్స్‌బుర్గ్‌లోనే కొనసాగింది. నా అభిప్రాయం ఏమిటంటే, అక్కడికి వెళ్తే హాబ్స్‌బుర్గ్‌ల నీడన అతిథిగా బతకాలి, ఇక్కడ తానే ప్రభువు. రెండున్నర శతాబ్దాలకు పైగా అలా ఉండిపోయారు. కొత్త ప్యాలెస్ ముందు మిద్దె మీద నిలబడితే ఎదుటి గట్టు కాన్‌స్టాంజ్‌దే. తన పీఠం ఉన్న నగరాన్ని నీటి ఆవలి నుంచి ప్రతి పొద్దూ చూస్తూ ఒకరి తరువాత ఒకరు ఏలారు.

ఆ కొత్త ప్యాలెస్ 18వ శతాబ్దపు తొలి దశకాల్లో బిషప్పు యోహాన్ ఫ్రాంజ్ షెంక్ ఫోన్ ష్టౌఫెన్‌బెర్గ్ మొదలుపెట్టినది. తరువాతి బిషప్పు డామియాన్ హూగో ఫోన్ షోన్‌బోర్న్‌కు అది చాలలేదు. వ్యూర్ట్స్‌బుర్గ్‌లో ప్రసిద్ధ మెట్లదారి కట్టిన బాల్టజార్ నొయ్‌మాన్ చేత ఇక్కడి మెట్లదారికి నమూనా గీయించాడు. ఆ మెట్లు వెడల్పు, వాలు తక్కువ, అమ్మగారు ఆగి ఆగి ఎక్కవచ్చు. పైకప్పు చిత్రాలు జుసెప్పె అపియానీవి. పాత కోట విషయంలో ఇద్దరు పిల్లల అమ్మ గారు చెప్పింది సబబే. ఒక్కటే చూసే ఓపిక ఉంటే అమ్మగారికి కొత్త ప్యాలెస్ చూపించండి. అందులోని ప్రార్థనా మందిరాన్ని వదలకండి. అక్కడి గచ్చు శిల్పాలు యోజెఫ్ ఆంటోన్ ఫొయ్‌హ్ట్‌మాయర్ చేసినవి. ఉంటెరుల్‌డింగెన్ దాటాక ద్రాక్షతోటల మధ్య బిర్నావ్ చర్చి ఉంది, 1746 నుంచి 1749 వరకు పేటర్ తుంబ్ కట్టినది. అక్కడా శిల్పాలు ఇతనివే. తేనెతుట్టె పట్టుకుని వేలు నాకుతున్న పసివాడి బొమ్మ ఒకటి ఉంటుంది, చూశాక అమ్మగారు అదొక్కటే గుర్తుపెట్టుకున్నా ఆశ్చర్యపోను.

ముగింపు 1803లో వచ్చింది. నెపోలియన్ రైన్ నదికి ఎడమ గట్టు నేలను ఫ్రాన్స్‌లో కలుపుకున్నాక, అక్కడ భూములు పోగొట్టుకున్న జర్మన్ ప్రభువులకు పరిహారం కావాలి. చర్చి సంస్థానాలను పంచిపెట్టారు. మేర్స్‌బుర్గ్ బాడెన్ వాటాలోకి వెళ్ళింది. ఏలినవాళ్ళు పోయారు, కొలువు పోయింది, ఖాళీ భవనాలు మిగిలాయి. ప్యాలెస్ చాలాకాలం బధిరుల పాఠశాలగా ఉంది. బిషప్పుల ద్రాక్షతోటలు ప్రభుత్వ తోటలయ్యాయి, నేటికీ రాష్ట్ర ప్రభుత్వమే అక్కడ వైన్ తయారుచేస్తోంది. పెట్టుబడి లేకపోవడం వల్ల కొత్త కట్టడాలు రాలేదు, పాత వీధులు అలాగే మిగిలాయి. యాత్రికులు ఇప్పుడు చూసి మురిసే ఊరు ఆ పేదరికం కాపాడి ఇచ్చినదేనని నేను నమ్ముతాను.

పై ఊరి నుంచి కిందికి ష్టైగ్‌ష్ట్రాసె అనే వీధిలో దిగండి. రెండు పక్కలా కర్ర చట్రాల ఇళ్ళు, మధ్యలో వాలు. వాన పడితే రాళ్ళు జారతాయి, అమ్మగారికి పట్టు ఉన్న చెప్పులు వేయించండి. దిగాక రేవు, పాత ధాన్యపు గిడ్డంగి, నీటిలోకి కట్టిన రాతి గట్టు (మోల్) చివర శిల్పి పేటర్ లెంక్ 2007లో నిలబెట్టిన స్తంభం. ఊరి చరిత్రలోని మనుషులంతా దాని మీద ఉన్నారు, శిఖరాన సముద్రపు కాకి రూపంలో ఆనెటె. పొద్దున సమాధులు చూసి ఉంటారు కాబట్టి నాన్నగారు ఒక్కొక్కరిని గుర్తుపట్టగలరు.

ఇక అమ్మగారి ప్రశ్న. ఆ నీళ్ళు మీరే తాగుతున్నారు! ఊబర్‌లింగెన్‌కు పడమర జిప్లింగెన్ దగ్గర, 60 మీటర్ల లోతు నుంచి నీళ్ళు తోడి, శుద్ధి చేసి గొట్టాల్లో ఉత్తరానికి పంపుతారు. 1958 నుంచి నడుస్తోంది, సుమారు 40 లక్షల మందికి చేరుతుంది. స్టుట్‌గార్ట్‌లో చాలా పేటల కుళాయిల్లో వచ్చేది అదే.

సరస్సు గురించి నాన్నగారికి మరో రెండు మాటలు. పెద్ద భాగమైన ఒబర్‌జే మీద జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య సరిహద్దు ఎక్కడో ఈనాటికీ ఒప్పందం లేదు. మూడు దేశాలూ గొడవ లేకుండా గడుపుకొస్తున్నాయి. రెండోది, 1963 శీతాకాలంలో సరస్సు మొత్తం గడ్డకట్టింది. అలా గడ్డకట్టినప్పుడల్లా సెయింట్ జాన్ విగ్రహాన్ని మంచు మీద ఊరేగింపుగా ఆవలి ఒడ్డుకు మోసుకువెళ్ళడం ఆచారం. మేర్స్‌బుర్గ్ పక్కనే ఉన్న హాగ్‌నావ్ నుంచి ఆ ఏడాది స్విట్జర్లాండ్‌లోని మ్యూన్‌స్టర్‌లింగెన్‌కు తీసుకువెళ్ళారు. తరువాత సరస్సు మళ్ళీ పూర్తిగా గడ్డకట్టలేదు, విగ్రహం అక్కడే ఉంది.

నెకర్_తీరం

నాన్నగారు ఇది రెండుసార్లు చదివించుకున్నారు. బిషప్పు ఎదుటి గట్టు చూస్తూ ఏలాడన్న చోట ఆపి, ఆ మిద్దె మీద కనీసం గంట కూర్చోవాలన్నారు. శ్మశానంతో మొదలుపెట్టడానికి అమ్మ కూడా ఒప్పుకుంది.

చివరి ప్రశ్నలు మూడు. నాన్నగారు చేపలు తింటారు, ఈ సరస్సు చేప ఏదో ప్రసిద్ధమట కదా? అమ్మ శాకాహారి, ఏం దొరుకుతుంది? గాలివాన వస్తే ఫెర్రీ భయం ఏమైనా ఉందా?

ద్రాక్షతోట_దారి

ఆ చేప ఫెల్‌షెన్. ఇప్పుడు సరస్సులో దాని సంఖ్య దారుణంగా పడిపోయి, ఒబర్‌జేలో 2024 నుంచి మూడేళ్ళు పట్టకూడదని నిషేధం పెట్టారు. నీటిలో పోషకాలు తగ్గడం, బయటి నుంచి వచ్చిన క్వాగా ఆల్చిప్పలు, ముళ్ళచేపలు పెరగడం అన్నీ కలిసి దెబ్బతీశాయి. ఈ ఒడ్డున తరతరాలుగా వల వేసినవాళ్ళు వృత్తి వదిలేస్తుంటే బాధగా ఉంటుంది. హోటళ్ళ పట్టికలో ఆ పేరు కనిపిస్తే ఎక్కడి చేపో అడిగి తీసుకోండి. అమ్మగారికి జున్నుతో (చీజుతో) చేసే, పాస్తా లాంటి కేజె-ష్పెట్స్‌లె అన్ని చోట్లా ఉంటుంది. పలుచని రొట్టె మీద మీగడ, ఉల్లిపాయ వేసి కాల్చే డిన్నెలె ఇక్కడి వంటకం. అందులో పంది మాంసం ముక్కలు వేయడం మామూలు, వద్దని ముందే చెప్పాలి.

గాలి విషయానికి వస్తే, ఒడ్డు వెంట నారింజ రంగు దీపాలు ఉంటాయి. నిమిషానికి 40 సార్లు వెలిగితే బలమైన గాలి రావచ్చని, 90 సార్లు వెలిగితే తుఫాను హెచ్చరిక అని అర్థం. చిన్న పడవ అద్దెకు తీసుకునే ఆలోచన ఉంటే వాటిని చూసుకోండి. ఫెర్రీ పెద్ద ఓడ, మామూలు గాలికి ఆగదు. గాలి ఉన్న రోజు అమ్మగారిని పైడెక్కు మీద కాకుండా లోపలి గదిలో కూర్చోబెట్టండి, అక్కడి కిటికీలు పెద్దవి.